మోజెల్ నదీతీరమున ద్రాక్షతోటలు

ద్రాక్షపండు నెరుగని యిల్లు మనలో లేదు. పూజవేళ పండ్లపళ్లెరమున నుంచుదుము. జ్వరము తగ్గి లేచిన బిడ్డ చేతికి నాలుగు పండ్లిత్తుము. ఎండుద్రాక్షను నేతిలో వేయించి పరమాన్నమున కలుపుదుము. అయినను ఆ తీగ యెచ్చట నెట్లు బ్రతుకుచున్నదో, ఒక్క గుత్తి వెనుక నెందరి నడుములు వంగుచున్నవో మనలో ననేకులు తలపోసియుండరు. ఒకప్పుడు స్వయముగా ద్రాక్షతోట గలవారమైన మేము సయితము తలపోయలేదు. 2024వ సంవత్సరము ఆశ్వయుజమాసమున జర్మనీ దేశములోని మోజెల్ నదీతీరమునకు బోయివచ్చిన పిమ్మటనే యీ సంగతి మా మనస్సున నాటుకొన్నది. ఆ ముచ్చటలను మీతో పంచుకొనుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా అమ్మాయియు అల్లుడును ఫ్రాంక్‌ఫర్టు నగరమున నుద్యోగములు చేయుచున్నారు. దసరా వెళ్ళిన మరునాడు అమ్మాయి తండ్రితో, “నాన్నగారూ, కోటలు, చర్చీలు చూచి విసిగినారు. మీకు తోటలన్న మక్కువ గదా! మోజెల్ లోయలో నిప్పుడు ద్రాక్ష కోయుచుందురు. పోదము రండి” అని పిలిచినది. మా వారు కొంచెము సంశయించినారు. ఆ ప్రాంతపు ద్రాక్ష తినుటకు గాక ద్రాక్షాసవము, అనగా వైను, చేయుటకు పండించునది. మేము మద్యము ముట్టువారము కాము. సారా మన పల్లెలలో నెన్ని కాపురములను కూల్చినదో యెరుగుదుము. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాకొట్టుపై తిరుగబడి నిలిచిన సాహసమును తలచుకొని నేటికిని గర్వపడుదుము. అట్టి మాకు వైను చేయు సీమతో నేమి పని? అయినను “త్రాగుటకు గాదు, తీగను చూచుటకు” అని అమ్మాయి నవ్వుచు చెప్పగా బయలుదేరితిమి.

మా మనస్సున వేరొక బరువు గూడ నుండెను. హైదరాబాదునకు ఉత్తరమున మేడ్చల్ వైపున మా అత్తవారికి ఆరెకరముల ద్రాక్షతోట యుండెడిది. రాతి కడీలు పాతి, ఇనుపతీగలు లాగి కట్టిన పందిరిపై అనాబె షాహి తీగలు ప్రాకియుండెడివి. ఆ పేరునకు రాజుల ద్రాక్ష యని యర్థమట. పెద్ద పెద్ద పండ్లు, లేత తేనెరంగు, లోపల గింజలు. ఒకనాడు హైదరాబాదు చుట్టుపట్ల తోటలకు పేరు తెచ్చినది ఆ రకమే. నగరము పెరిగినకొలది తోటలు ఇండ్లస్థలములైనవి. మా తోటయు 2004లో ఐదెకరముల మేర అమ్ముడుపోయినది. బావి యొద్ద నొక యెకరము, అందు పది పన్నెండు ముసలి తీగలు మిగిలినవి. మేము విమానమెక్కుటకు ముందునాడే ఆ యెకరమునకు గూడ బేరము వచ్చెను. “తిరిగి వచ్చి చెప్పెదము” అని మధ్యవర్తితో చెప్పి వచ్చితిమి.

మోజెల్ నది ఫ్రాన్సు దేశములోని వోజ్ పర్వతములలో పుట్టి, లక్సెంబర్గు సరిహద్దును తాకి, జర్మనీలో ప్రవేశించి, కోబ్లెంజ్ నగరమున రైన్ నదిలో కలియును. మొత్తము పొడవు 544 కిలోమీటర్లు. మేము కోబ్లెంజ్‌లో రైలెక్కి నదికి ఎదురుగా పైకి బోయితిమి. ఏటివంటి సన్నని నది. అది తిన్నగా సాగదు. పాము మెలికలవలె ఒకసారి తూర్పునకు, మరల పడమటికి తిరుగును. మెలిక తిరిగిన ప్రతిచోట దక్షిణమునకు ముఖము చేసిన కొండచరియ యెల్ల ద్రాక్షతోట. ఉత్తరమునకు తిరిగిన చరియ యెల్ల అడవి. ఎవరో గీత గీసి పంచిపెట్టినట్లుండును. అప్పుడు తోటలు పసుపు పూసినట్లు బంగారువన్నె తిరిగియుండెను.

ఏడిగెర్-ఎల్లెర్ అను చిన్న స్టేషనులో దిగితిమి. అచ్చటి కాల్మోంట్ అను కొండను చూచి మా కండ్లను మేమే నమ్మలేకపోతిమి. దాని వాలు కొన్నిచోట్ల 65 డిగ్రీల వరకు నుండునట. ఐరోపాఖండమున నింత నిట్టనిలువైన ద్రాక్షతోట లేదని చెప్పుదురు. గోడకు పిడకలు కొట్టినట్లు, కొండకు తీగలు కొట్టినట్లున్నది! ప్రతి తీగకును దానిదైన యొక గుంజ. రెండు కొమ్మలను చెరియొక ప్రక్కకు వంచి గుంజకు కట్టగా చూచుటకు గుండె ఆకారముగా నుండును. అచ్చట యంత్రమునకు చోటు లేదు. ఒంటి యినుపపట్టాపై పండ్లచక్రముతో ప్రాకుచు నొక చిన్న బండి మనిషిని, బుట్టలను పైకి మోయును. తక్కినదంతయు చేతిపని.

ఇంత కష్టపడి కొండకే యేల యెక్కవలెను, క్రింద చదునుభూమి లేదా యని మాకు సందేహము కలిగెను. అల్లుడుగారు వివరించినారు. మోజెల్ లోయ ఉత్తర అక్షాంశము 50 డిగ్రీల సమీపమున నున్నది. మన హైదరాబాదు 17 డిగ్రీల యొద్దనున్నది. అంత ఉత్తరమున సూర్యకిరణములు ఏటవాలుగా పడును. చదునునేలపై పడిన యెండ పలుచబడిపోవును. చలికాలపు ప్రొద్దున మనము వడియముల చాపను సూర్యునివైపు వాల్చి పెట్టుట లేదా? ఆ కొండయే అట్టి వాలిన చాప. దక్షిణమునకు వాలినందున కిరణములు దానికి సూటిగా తగులును. క్రింద నది యద్దమువలె వెలుగును ప్రతిఫలింపజేయుచు, రాత్రి చలిని కొంత మాన్పును. ఇక ఆ నేలయో, మన్ను కంటె రాయి యెక్కువ. మనము చిన్ననాడు అక్షరములు దిద్దుకొన్న రాతిపలక గలదే, ఆ పలకరాయియే పెంకులు పెంకులుగా కొండ నిండ పరచుకొని యున్నది. సుమారు 40 కోట్ల సంవత్సరములకు పూర్వము సముద్రము అడుగున చేరిన బురద గట్టిపడి యిట్లైనదట. పగలెల్ల ఎండకు కాగిన యీ పలకలు రాత్రి మెల్లగా వేడిని విడుచుచు, పొయ్యి ఆర్చిన పిమ్మట వెచ్చగా నుండు కుంపటివలె తీగ మొదలును కాపాడును. వానకు ఈ రాళ్ళు దిగజారినచో, వెనుకటి దినములలో రైతులు బుట్టల కెత్తి వీపుపై మోసి మరల పైకి చేర్చెడివారట.

ఏడిగెర్-ఎల్లెర్ నుండి మరల రైలులో బుల్లై వరకు బోయి, అచ్చట బండి మారి ట్రాబెన్-ట్రార్బాఖ్ చేరితిమి. నదికి రెండు గట్టుల నున్న యీ చిన్న పట్టణము 1900 ప్రాంతమున వైను వర్తకమున ఫ్రాన్సు దేశపు బోర్డో నగరమునకు రెండవదిగా నుండెడిదట. అచ్చటినుండి బస్సులో నొక గ్రామమునకు బోయి, ముందుగా కుదుర్చుకొన్న యొక యింట దిగితిమి. ఆ యింటి యజమానురాలు డెబ్బదియారేండ్ల వృద్ధురాలు. భర్త గతించెను. కుమారుడు లక్సెంబర్గున నొక కార్యాలయమున పని చేయుచు శనివారములందు వచ్చును. ఆమెకు మూడెకరములకు మించని ద్రాక్షతోట యున్నది. ఇంటిలో రెండు గదులను యాత్రికుల కిచ్చుచుండును. ఆమె మాటలను అమ్మాయి మాకు తెలుగు చేసి చెప్పుచుండెను.

మరునాడు కోతకు బోవుచు మమ్ము వెంట రమ్మన్నది. తెల్లవారి లోయ నిండ మంచు. ప్రొద్దు పైకి వచ్చినకొలది ఆ మంచు తెర లేచినట్లు లేచిపోయెను. పోలండు, రొమేనియా దేశములనుండి వచ్చిన కూలీలు ఆరుగురు, ఆమె కుమారుడు, కోడలు చేత కత్తెరలు బూని వరుసల నిలిచిరి. గుత్తిని కోయుటకు ముందు త్రిప్పి చూతురు. చెడినవి యేరి పారవైతురు. మంచివి బుట్టలో వేయుదురు. మేము నాలుగు గుత్తులు కోయగానే మా పిక్కలు వణకసాగినవి. ఆ వృద్ధురాలు మాత్రము మేకవలె ప్రక్కవాటుగా అడుగువేయుచు పైకి సాగెను. వసంతకాలమున కొమ్మలను వంచి గుంజకు కట్టు పని తరతరములుగా స్త్రీలదేనట. విరిసూర చువ్వలవంటి నీటిచెట్ల రెమ్మలతో కట్టెడివారట. “కొమ్మను వంచునపుడు అది ‘చిటుకు’మని పలుకును. విరుగబోవుచున్నదా, వంగుచున్నదా యని చెవితో తెలిసికొనవలెను. మా అత్తగారు నాకు నేర్పినది అదియే” అని ఆమె చెప్పినది.

ఆమె యొక చిన్న పండును మా చేతిలో బెట్టినది. మన అనాబె షాహి ముందు అది బఠానీగింజవలె నుండెను. పచ్చనిరంగు, ఎండ తగిలిన ప్రక్క గోధుమవన్నె చుక్కలు. నోట వేసికొనగా ముందు తీపి, వెంటనే నిమ్మకాయవంటి పులుపు, పిదప యేదో పూలవాసన. దీని పేరు రీస్లింగ్. మోజెల్ సీమ తోటలలో నూటికి అరువది పాళ్ళు ఈ రకమే. 1435వ సంవత్సరపు జర్మను పత్రమొకటి దీని పేరును మొదటిసారి చెప్పుచున్నది. ఇది యాలస్యముగా పండు రకము. వెచ్చని దేశమున త్వరగా పండి చప్పబడును. చలిదేశమున తొందరపడక, నెలల తరబడి కొమ్మపై నిలిచి, తీపిని కూడబెట్టుకొనుచు పులుపును విడువకుండ నుండును. రాత్రులు చల్లగా నుండుటచే పులుపు నిలుచునట. ఆ తీపి పులుపుల పొందికయే దాని ఖ్యాతికి మూలము. కొందరు పిల్లలు ఎదుగుటకు జాగు చేసి పెద్దలను కలతపెట్టి, తుదకు అందరికంటె నెక్కువ రాణింతురు గదా! రీస్లింగ్ అట్టి బిడ్డ.

మరికొన్ని రకములును చూచితిమి. నదికి ఎగువను, సున్నపురాతి నేలలందు ఎల్బ్లింగ్ అను ప్రాచీనమైన రకము కలదు. కాపు మెండు, పులుపు మెండు. మ్యుల్లర్-టూర్‌గావ్ అనునది 1882లో గైజెన్‌హైమ్ పాఠశాలయందు హెర్మన్ మ్యుల్లర్ అను శాస్త్రజ్ఞుడు సంకరపరచి సృష్టించినది. త్వరగా పండును, విరివిగా కాచును. అందుచే రైతులు దానిని ఆదరించిరి. చాలకాలము దాని తలిదండ్రులు రీస్లింగ్, సిల్వానెర్ అని నమ్మిరి. తరువాత జన్యుపరీక్ష చేయగా తండ్రివైపు వారు వేరని తేలెను! 1929లో పుట్టిన కెర్నెర్ అను రకమునకు యుస్టినుస్ కెర్నెర్ అను వైద్యకవి పేరు పెట్టిరి. నల్లద్రాక్షలలో పీనో న్వార్ అను రకమును ఇచ్చట ష్పేట్‌బుర్గుండెర్ అందురు.

ఈ తీగల వంశవృక్షములో మాకు మిక్కిలి ముచ్చట గొలిపినది వేరొక సంగతి. గువే బ్లాన్ అని యొక ముతక ద్రాక్ష కలదు. జర్మనులు దానిని హొయ్‌నిష్ అందురు. అది పేదరైతుల తీగ. రుచి లేదని పెద్దలు నిరసించిరి, ప్రభువులు పలుమారులు నిషేధించిరి, పెరికివేయించిరి. కాని యిటీవలి జన్యుపరీక్షలలో రీస్లింగ్, ఎల్బ్లింగ్, లోకప్రసిద్ధమైన షార్డొనే, ఇవన్నియు ఆ నిరసింపబడిన తీగ సంతానమేయని తేలినది. బిడ్డలు మేడలలో విందులకు బోవుచుండ, తల్లి పేరు నెవరును తలపరైరి! ఈ మాట వినిన పిమ్మట ప్రతి గుత్తిలోను ఆ తల్లిని చూచినట్లయినది.

మధ్యాహ్నము కొండపైననే కూర్చుండి ఉడికించిన బంగాళాదుంపలు, రొట్టె తింటిమి. కూలీలకు వైనును, మాకు ద్రాక్షరసమును పోసిరి. అది పులియనిది, గానుగనుండి అప్పుడే వచ్చినది. అంత తియ్యని రసమును మేమెన్నడు నెరుగము. ఆ వృద్ధురాలు మా తోటను గూర్చి యడిగెను. పందిరి సంగతి చెప్పితిమి. “తీగ తలపై పందిరియా! మరి మీ తీగ యెప్పుడు నిద్రించును?” అని యడిగెను. చలిదేశపు తీగకు శీతకాలమున ఆకులు రాలి గాఢనిద్ర కలుగును, వసంతమున మేల్కొనును. మన తీగకు ఆ భాగ్యము లేదు. అందుచేతనే మనవారు వేసవిలో నొకసారి, అక్టోబరున నొకసారి కత్తిరించి, దానిని బలవంతముగా చిగిర్పజేసి, ఒక్క కాపు తీయుదురు. ఈ మాట చెప్పగా ఆమె, “పాపము, నిదురలేని బిడ్డ” అని జాలిపడెను. మేము నవ్వితిమి గాని యా మాట మనస్సున నిలిచిపోయెను.

చలి యా తీగకు దాదియు, శత్రువును గూడ. చిగురు వేసిన పిమ్మట మంచు గడ్డకట్టినచో ఏడాది పంట పోవును. మనకు రోహిణి కార్తె, మృగశిర కార్తె యున్నట్లు వారికి “మంచు మునులు” కలరు. మే 11 మొదలు 15 వరకు నైదు దినములను అయిదుగురు క్రైస్తవ మునుల పేర పిలుతురు. ఆ దినములు దాటినగాని చలిభయము తీరినట్లు కాదని పెద్దల మాట. కాని 2024లో ఏప్రిలు నెలాఖరున వచ్చిన మంచుదెబ్బకు మోజెల్ సీమలో, విశేషించి దాని ఉపనదులైన సార్, రూవెర్ లోయలలో, చిగురులు మాడిపోయినవి. ఆమె తోటలోను అంతే. ఇందు విచిత్రమేమనగా, చల్లగాలి బరువైనది గనుక క్రిందికి జారి చదునున నిలుచును. నడుచుటకు సుళువైన దిగువ మడి మాడిపోయెను. మోకాళ్ళు విరిచెడి కొండచరియ నిలిచెను.

మరియొక మార్పును ఆమె చెప్పినది. తన పెండ్లినాటి కోతలు అక్టోబరు చివర మొదలై నవంబరున ముగిసెడివట. ఇప్పుడు రెండు మూడు వారములు ముందే పండుచున్నవి. భూమి వేడెక్కుటయే దీనికి కారణము. చలికాలమున కొమ్మపైననే గడ్డకట్టిన పండ్లను, సున్నకు క్రింద 7 డిగ్రీల చలిలో, తెల్లవారకమునుపే కోసి పిండి చేయు “ఐస్‌వైన్” అను ఖరీదైన రకము కలదు. 2019వ సంవత్సరపు పంటలో జర్మనీ దేశమంతటను ఒక్క తోటయందైనను దానికి తగిన చలి రాలేదు. చలిచేత పేరుపొందిన సీమకు చలి తగ్గుట మేలో కీడో ఇంకను తేలవలసియున్నది. పూర్వము దశాబ్దమున కొన్ని యేండ్లే పండ్లు చక్కగా పండెడివి. ఇప్పుడు ప్రతియేడును పండుచున్నవి. కాని ఆ పులుపు నిలుచునా యని వారి దిగులు.

ఆ పచ్చని కొండల వెనుక దుఃఖచరిత్రయు నున్నది. 1787లో ట్రీర్ ప్రభువైన క్లెమెన్స్ వెన్ట్సెస్లావుస్ ముతకతీగలను 7 సంవత్సరముల లోపల పెరికి మేలైన తీగలను నాటవలెనని శాసించెను. సీమకు పేరు వచ్చెను గాని, క్రొత్తతీగ కాపునకు వచ్చువరకు పేదరైతు లేమి తినవలెనో శాసనము చెప్పలేదు. తరువాత ఈ సీమ ప్రష్యా రాజ్యమున చేరెను. 1834లో జర్మను సంస్థానముల నడుమ సుంకములు తొలగగా దక్షిణపు చౌక వైను వచ్చిపడి మోజెల్ రైతులు అప్పులపాలైరి. అనేకులు సముద్రములు దాటి పోయిరి. ట్రీర్‌లో 1818లో పుట్టిన కారల్ మార్క్సు తన యిరువదినాలుగవ యేట, 1843 జనవరిలో, వీరి కష్టములను గూర్చి పత్రికలో వ్రాసెను. ఆ యేడే ప్రభుత్వము ఆ పత్రికను మూయించెను. 1926 ఫిబ్రవరిలో బెర్న్‌కాస్టెల్‌లోని పన్నుల కార్యాలయముపై రైతులు విరుచుకుపడిరి. ఆ యేడే వైనుపై పన్ను రద్దయ్యెను. బల్లపై పొడవాటి పచ్చని సీసాగా నిలుచు వస్తువు వెనుక నింత యాకలి కలదు.

మూడవనాడు బెర్న్‌కాస్టెల్-కూస్ చూడబోయితిమి. బెర్న్‌కాస్టెల్ వైపున కొయ్యదూలముల చట్రములతో కట్టిన పాతయిండ్లు ఒకదానిపై నొకటి వాలి ముచ్చటలాడుకొనుచున్నట్లుండును. మాకు నచ్చినది ఆవలిగట్టున కూస్‌లోని ధర్మాలయము. 1401లో ఇచ్చటనే పుట్టి గొప్ప పండితుడును మతాధికారియునైన నికొలాస్ ఆఫ్ కూసా దీనిని 1458లో స్థాపించెను. ఏసుక్రీస్తు జీవితకాలపు లెక్కన 33 మంది పేదవృద్ధులకు ఆశ్రయమిచ్చుట దాని యుద్దేశము. మన సత్రములకు మాన్యములున్నట్లు దీనికి ద్రాక్షతోటల రాబడి శతాబ్దములుగా నాధారమైనది. నేటికిని అది వృద్ధాశ్రమముగనే నడచుచున్నది. నికొలాస్ దేహము రోము నగరమున నున్నది. హృదయమును మాత్రము ఆయన కోరికపై ఇచ్చటి గుడిలో నుంచిరి. ద్రాక్ష పండించిన చేతులు ముసలివైనపుడు ఆ ద్రాక్షయే వానిని పోషింపవలెనను తలంపు మాకు మిక్కిలి పవిత్రముగా తోచినది.

ఆ సాయంకాలము ఆ వృద్ధురాలు వంటింట ఎఱ్ఱపీచు పండ్లతో జాము చేయుచుండెను. తోటల గట్టులపై పెరుగు యీ పండు పైన బూడిదరంగు నూగు, లోపల రక్తవర్ణము. పచ్చిగా తిన్న చేదుగాను వగరుగాను నుండును. చక్కెరతో నుడికించిన అమృతము. మన యుసిరికకు అక్కచెల్లెలని చెప్పదగును. ఒక సీసా మాకిచ్చి, ప్రొద్దు క్రుంకకమునుపే రమ్మని కొండమీదికి తీసికొనిపోయినది. తన తోటకు పైన మరియొక చరియ చూపినది. ముండ్లపొదలు, పిచ్చిమొక్కలు. నడుమ నక్కడక్కడ గుంజలు ఒరిగియున్నవి. “ఇది మా మామగారి మడి. అన్నిటికంటె మంచి పండ్లు ఇచ్చటివే. రెండేండ్ల క్రిందట విడిచిపెట్టినాను. తీగకు కొండ యలవాటే, మోకాళ్ళకే యలవాటు తప్పినది” అన్నది. కొంచెముసేపు ఊరకుండి, “తీగను విడిచినచో అది కూలదు. గుంజను వదలి నేలపై ప్రాకుచు, ఎవరైన వచ్చి కట్టుదురేమోయని చూచుచున్నట్లుండును. అందుచే నేనీ వైపునకు తఱచు రాను” అన్నది. మేమేమియు ననలేకపోతిమి. మా బావి యొద్ద తీగలు మా కన్నుల ముందు మెదలినవి.

మరుదినము సెలవు తీసికొని ట్రీర్ నగరమునకు బోయితిమి. రోమనులు కట్టిన నల్లని సింహద్వారము నేటికిని నిలిచియున్నది. అచ్చటి పురావస్తుశాలలో నోయ్‌మాగెన్ గ్రామమున 1878లో దొరికిన రాతిపడవ కలదు. సుమారు క్రీస్తుశకము 220లో నొక వైను వర్తకుని సమాధిపై నుంచుటకు చెక్కినది. తెడ్లు వేయువారు, పీపాలు. అందొక నావికుని ముఖమున చిరునవ్వు. పదునెనిమిది వందల యేండ్లుగా నవ్వుచునే యున్నాడు! ఆ కొండల నెక్కిన చేతు లెన్ని మారినవి, తీగ రకము లెన్ని మారినవి, ప్రభువు లెందరు మారిరి. తీగను కట్టు పని మాత్రము ఏయేటి కాయేడు ఎవరో ఒకరు చేయుచునే వచ్చిరి. ఒక్క తరము చేయి దించినచో కొండ ముండ్లపొద యగును. ఆ నేలలో పలకరాయి గొప్పతనమెంత యున్నను, దానిని తోటగా నిలిపినది రాయి కాదు, చలి కాదు, ఏటేట మరల ఎక్కిన మనుష్యుని మోకాలు.

దీపావళికి రెండు దినములు ముందుగా ఇల్లు చేరితిమి. మధ్యవర్తి మరునాడే ఫోను చేసెను. మా వారు, “ఇంకను ఆలోచింపవలెను” అని చెప్పిరి. నిజము చెప్పవలెనన్న, ఆ యెకరమును ఎంతకాలము నిలుపగలమో మాకే తెలియదు. మా బిడ్డలు దూరదేశములందున్నారు. మా మోకాళ్ళును ముసలివగుచున్నవి. చుట్టును మేడలు లేచినవి. బావిలో నీరు తగ్గినది. ఆ వృద్ధురాలిని చూచి వచ్చినంత మాత్రమున మా చిక్కులు తీరలేదు.

అయినను పండుగ మరునాడు పాత తోటమాలిని పిలిపించి, ఆలస్యమైనను, ఆ పన్నెండు తీగలకు అక్టోబరు కత్తిరింపు చేయించితిమి. అతడు కొమ్మ కోసినచోట నీటిబొట్టు నిలిచినది. “పదేండ్లయినదమ్మా, దీనిపై కత్తెర పడి” అని అతడు మురిసినాడు. మేము పందిరి క్రింద నిలిచి చూచుచుంటిమి. పదునైదు దినములకు చిగురు వేసినది. పదిగుత్తులు కాచునో, నాలుగే కాచునో. వచ్చినంత ఇరుగుపొరుగు పిల్లలకు పంచెదము.

సోదరీమణులారా! మీ పెరటిలో జాజితీగయో, చిక్కుడుపాదో, ఏదో యొకటి యుండకపోదు. దానిని పందిరికి కట్టిన చేయి యెవరిదో, రేపు కట్టబోవు చేయి యెవరిదో, ఈ సాయంకాలము దీపము పెట్టి వచ్చునపుడు ఒక్కసారి తలచుకొనుడు.